కుదువ రాతలో పనితనం

భూమి మీద అప్పు ఇచ్చేవాడికి కావాల్సింది తన డబ్బు మిత్తితో సహా తిరిగి రావడం. భూమి కాదు. ఈ ఒక్క మాటను మొదటి పేజీ నుంచి సాక్షుల సంతకాల దాకా వదలకుండా పట్టుకుని రాసిన దస్తావేజు కనబడితే నాకు ముచ్చటేస్తుంది. అలాంటివి తక్కువగా కనబడతాయి కనుకే, కనబడినప్పుడు ఆగి వాక్యం వాక్యం చదవాలనిపిస్తుంది.

హైదరాబాద్ నుంచి బీజాపూర్ రోడ్డు పట్టుకుని, మర్రిచెట్ల వరస కింద నుంచి మొయినాబాద్ దాటి చేవెళ్ల వైపు పోతుంటే కనకమామిడి వస్తుంది. ఒక పక్క కూరగాయల మళ్లు, ఇంకో పక్క ప్రహరీ కట్టిన ఫామ్‌హౌస్‌లు. ఇక్కడ ఎకరం ధర పంటను బట్టి కాదు, రోడ్డు ఎంత దూరమన్నదాన్ని బట్టి పలుకుతుంది. బ్యాంకు ఇచ్చే పంట రుణం మాత్రం పంటనూ ఎకరాలనూ లెక్కగట్టే వస్తుంది. ఈ రెండింటి మధ్య ఉన్న తేడాలోకి ప్రైవేటు అప్పు వచ్చి చేరుతుంది. బిడ్డ పెళ్లికో, కొడుకు పైచదువుకో, అక్కచెల్లెళ్ల వాటా డబ్బు ఇవ్వడానికో భూమి ఉన్నాయనకు డబ్బు కావాలి. నగరంలో ఉద్యోగం చేసి రిటైరైనాయన దగ్గర డబ్బుంది, బ్యాంకు వడ్డీ ఆయనకు చాలడం లేదు. మధ్యలో ఒక తెలిసిన మనిషి ఉంటాడు. రూపాయిన్నరకో రెండు రూపాయలకో మాట కుదురుతుంది. అక్కడి నుంచి కాగితం పని మొదలవుతుంది.

ఆ కాగితం సాధారణంగా మూడు రకాలుగా తయారవుతుంది. మొదటిది ప్రామిసరీ నోటు, దానికి తోడు ఖాళీ చెక్కు. భూమి పేరు అందులో ఎక్కడా ఉండదు కాబట్టి, ఎన్ని ఎకరాలున్నా ఆ అప్పుకు భూమి అండ లేనట్టే. రాసిన నాటి నుంచి మూడేళ్లు దాటితే దావాకు గడువు కూడా పోతుంది. రెండోది అమ్మకపు అగ్రిమెంటు, దాంతో పాటు జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ). ఇచ్చినాయన దాన్ని చూసుకుని భూమి తన చేతిలో ఉందనుకుంటాడు. కానీ అగ్రిమెంటు, జీపీఏలతో భూమి మీద హక్కు బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో స్పష్టంగా చెప్పింది. అంటే అది అమ్మకమూ కాదు, కుదువ కూడా కాదు. మూడోది ఏకంగా అమ్మకపు దస్తావేజు. రిజిస్ట్రీ చేసి ఇచ్చేస్తారు, డబ్బు కట్టినప్పుడు తిరిగి రాసిస్తానన్న మాట నోటితో ఉంటుంది. మూడింటిలోకీ ఇదే నన్ను ఎక్కువ బాధపెడుతుంది. ఎందుకో కింద చెబుతాను.

ఈ మూడింటినీ పక్కనబెట్టి, అప్పును అప్పని, కుదువను కుదువని చెప్పే పత్రం ఒకటి ఉంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 58వ సెక్షన్ ఆరు రకాల తనఖాలను వర్ణించింది. వాటిలో మొదటిది, అందరికీ అందేది సాదా తనఖా. భూమి రైతు కబ్జాలోనే ఉంటుంది, సాగు ఆయనే చేసుకుంటాడు. అప్పు తీరుస్తానని సొంతంగా పూచీ పడతాడు. తీర్చకపోతే ఈ భూమిని కోర్టు ద్వారా అమ్మించి రాబట్టుకోవచ్చని ఒప్పుకుంటాడు. ఇంతే. ఈ మూడు ముక్కల చుట్టూ మంచి లేఖరి ఎంత జాగ్రత్త అల్లుతాడన్నదే పనితనం.

ఒక ఉదాహరణ తీసుకుని దగ్గరగా చూద్దాం. కనకమామిడిలో 2 ఎకరాల 10 గుంటలు. అప్పు 20 లక్షలు. మిత్తి రూపాయిన్నర, గడువు మూడేళ్లు.

అన్నిటికన్నా ముందు పేర్లు. భూమి తాత నుంచి వచ్చిందైతే తండ్రి ఒక్కడి సంతకంతో సరిపెట్టుకోకూడదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1985 నుంచే పెళ్లికాని ఆడపిల్లలకు తెచ్చిన సమాన వాటాను, 2005 సవరణ దేశమంతటా కూతుళ్లందరికీ విస్తరించింది. 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు దానిమీద ఉన్న అనుమానాలు తీర్చింది. అందుకని పని తెలిసిన లేఖరి కొడుకులనూ కూతుళ్లనూ కూర్చోబెట్టి సంతకాలు చేయిస్తాడు. పెళ్లయి వెళ్లిన బిడ్డ సంతకం దేనికని ఎవరైనా అడిగితే, ఆ ప్రశ్న వచ్చిన చోటే మరింత గట్టిగా అడగాలని ఆయనకు తెలుసు.

ఆ తర్వాత ఒక చిన్న వాక్యం వస్తుంది: కుటుంబ అవసరాల నిమిత్తం అని. చాలామంది దీన్ని అలవాటుగా రాసే మాట అనుకుంటారు. దీని వెనక 1856 నాటి ప్రివీ కౌన్సిల్ తీర్పు ఉంది, హనుమాన్ ప్రసాద్ పాండే కేసు. మైనరు కొడుకు తరఫున తల్లి రాసిచ్చిన తనఖా చెల్లుతుందా అన్నది అక్కడ ప్రశ్న. అప్పు ఇచ్చేవాడు అవసరం నిజమేనా అని నిజాయతీగా విచారించి ఇచ్చాడా అన్నది చూడాలని, ఇచ్చిన డబ్బు తర్వాత దేనికి ఖర్చయిందో వెంటపడి చూడాల్సిన పని అతనిది కాదని ఆ తీర్పు సారాంశం. కుటుంబ పెద్ద ఉమ్మడి ఆస్తిని కుదువపెట్టిన ప్రతిచోటా ఈ సూత్రమే వర్తిస్తూ వచ్చింది. కాబట్టి అవసరమేమిటో విడమరిచి రాసినప్పుడే ఆ వాక్యానికి బలం. పెద్ద కూతురి పెళ్లికి, లేదా ఫలానా బ్యాంకు బాకీ తీర్చడానికి అని రాస్తే, రేపు ఎవరైనా అడిగినప్పుడు చూపించడానికి ఆధారం ఉంటుంది. ఉత్త మాట తనంతట తాను రుజువు కాదు.

ఇక డబ్బు. పాత దస్తావేజుల్లో సాక్షుల ఎదుట రొక్కంగా ముట్టినది అని ఉండేది. ఇప్పుడు ఆ వాక్యం రాస్తే ఇద్దరినీ చిక్కుల్లో పెట్టినట్టే. ఆదాయపు పన్ను చట్టం 269ఎస్ఎస్ నియమం ప్రకారం 20 వేలు, అంతకు మించిన అప్పును రొక్కంగా తీసుకోకూడదు. తీసుకుంటే తీసుకున్నంత మొత్తమూ జరిమానా పడొచ్చు. తిరిగి కట్టేటప్పుడూ అదే కట్టడి. ఇద్దరికీ వ్యవసాయాదాయమే ఉండి, ఇద్దరిలో ఎవరికీ పన్ను పడే ఆదాయం లేకపోతే మినహాయింపు ఉంది. మన ఉదాహరణలోని రిటైరైన ఉద్యోగికి అది వర్తించదు. 2025లో వచ్చిన కొత్త ఆదాయపు పన్ను చట్టం కూడా ఈ కట్టడిని అలాగే ఉంచింది. అందువల్ల ఇప్పటి మంచి దస్తావేజులో డబ్బు పేరా చదివితే బ్యాంకు పేరు, ఖాతాలు, బదిలీ నంబరు, తేదీ, మొత్తం అన్నీ ఉంటాయి. 20 లక్షలు రెండు విడతల్లో వెళ్తే రెండూ విడివిడిగా ఉంటాయి. ఈ పేరా పొడిగా కనిపిస్తుంది గానీ, రేపు కోర్టులో అప్పు ఇవ్వనేలేదన్న వాదనను మొదటి రోజే మూసేసేది ఇదే.

మిత్తి పేరాలో మరో నేర్పు కనిపిస్తుంది. రూపాయిన్నర అని ఊళ్లో అందరికీ తెలుసు. దస్తావేజులో మాత్రం సంవత్సరానికి నూటికి 18 రూపాయల చొప్పున బారువడ్డీ అని, అంటే సంవత్సరానికి 3 లక్షల 60 వేలు, నెలకు 30 వేలు అని అంకెల్లోనూ అక్షరాల్లోనూ పడుతుంది. బారువడ్డీ అన్న మాట లేకపోతే చక్రవడ్డీ దగ్గర తగువు మొదలవుతుంది. గడువు తప్పితే నెలకు ఐదు రూపాయలు అని రాయించుకోవాలని కొందరికి ఉత్సాహం. కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ అలాంటి పెంపును శిక్షగా చూసి తగ్గించే అధికారం కోర్టుకు ఇచ్చింది. కాబట్టి ఆ అంకె బెదిరించడానికే పనికొస్తుంది, వసూలుకు పనికిరాదు. మంచి లేఖరి దాన్ని రాయడు. ఈ సంయమనం నాకు చాలా నచ్చుతుంది. కోర్టులో నిలవని మాటను కాగితం మీద పెట్టకపోవడం పనితనంలో పెద్ద భాగం.

ఆ తర్వాత షెడ్యూలు. దస్తావేజులో అందరూ త్వరగా దాటేసే పేజీ ఇదే, నేను అన్నిటికన్నా నెమ్మదిగా చదివేదీ ఇదే. మన రికార్డుల్లో సర్వే నంబరు కింద భాగాలు అ, ఆ, ఇ, ఈ అని పడతాయి. 145/అ అని ఉండాల్సిన చోట 145/ఆ అని పడితే, ఒక్క దీర్ఘం తేడాతో అన్న భూమికి బదులు తమ్ముడి భూమి కుదువకు పోతుంది. అందుకే మంచి షెడ్యూలు ఒక గుర్తుకు ఇంకో గుర్తును కాపలా పెడుతుంది. సర్వే నంబరు, దాని భాగం, పాసుపుస్తకం నంబరు, ఖాతా నంబరు, విస్తీర్ణం. ఆ పైన నాలుగు హద్దులు: తూర్పున ఎవరి పట్టా, పడమర ఏ బాట, ఉత్తరాన ఏ కాలువ, దక్షిణాన మిగిలిన సొంత భూమి. 2 ఎకరాల 10 గుంటలంటే 90 గుంటలు, గజాల్లో 10,890. విస్తీర్ణానికీ హద్దులకూ పొత్తు కుదరకపోతే కోర్టులు సాధారణంగా హద్దులనే నమ్ముతాయి. బావి, బోరు, మోటారు, చెట్లు, బాటహక్కు ఒక్కొక్కటీ పేరుపేరునా రాసి ఉంటే, ఆ పత్రం రాసినవాడు పొలం గట్టు మీద నడిచి వచ్చి రాశాడని తెలుస్తుంది.

ఆఖరున సంతకాలు. నూరు రూపాయలు, అంతకు మించిన సాదా తనఖా రిజిస్టరైతేనే చెల్లుతుందని, కనీసం ఇద్దరు సాక్షులు ఉండాలని ఆస్తి బదిలీ చట్టం 59వ సెక్షన్ చెబుతోంది. సాక్షి అంటే ఎవరో చెప్పడంలో చట్టం చూపిన సూక్ష్మత చూడండి. రాసిచ్చేవాడు సంతకం చేయడం కళ్లారా చూడాలి, లేదా ఇది నా సంతకమేనని అతని నోట వినాలి. ఆపైన అతని ఎదుటే తన సంతకం చేయాలి. ఇద్దరు సాక్షులూ ఒకే సమయంలో అక్కడ ఉండాల్సిన పనిలేదు. సాక్ష్యం చెప్పాలన్న ఉద్దేశంతోనే చేసిన సంతకమై ఉండాలని సుప్రీంకోర్టు 1969లో అబ్దుల్ జబ్బార్ సాహెబ్ కేసులో తేల్చింది. ఆ ఉద్దేశం లేకపోతే రిజిస్ట్రారు సంతకమూ, రిజిస్ట్రీ ఆఫీసులో ఈయన ఫలానా అని గుర్తుపట్టి చేసిన సంతకమూ సాక్షి సంతకంగా లెక్కకు రావు. అందుకే అనుభవం ఉన్న లేఖరి సాక్షులుగా వయసులో చిన్నవాళ్లను, ఊళ్లో నిలకడగా ఉండేవాళ్లను ఎంచుకుంటాడు. దావా పన్నెండేళ్లకైనా రావచ్చు, అప్పటికి సాక్షి బతికి ఉండి, దొరకాలి కదా.

పన్నెండేళ్లని ఊరికే అనలేదు. ప్రామిసరీ నోటుకు మూడేళ్లే గడువైతే, తనఖా మీద రావాల్సిన డబ్బుకు భూమిని పట్టుకుని దావా వేయడానికి 1963 కాలపరిమితి చట్టం 12 సంవత్సరాలు ఇచ్చింది. అదే చట్టం భూమి విడిపించుకోవడానికి రైతుకు ఇచ్చింది 30 సంవత్సరాలు. ఇచ్చినాయన గడువు కన్నా తీసుకున్నాయన గడువు రెండున్నర రెట్లు. ఈ అంకెల్లోనే చట్టం మొగ్గు ఎటో కనిపిస్తుంది.

ఆ మొగ్గు మొత్తం ఆస్తి బదిలీ చట్టం 60వ సెక్షన్‌లో ఉంది. మన చట్టాల్లో ఇంత బాగా రాసిన వాక్యాలు నాకు తెలిసి కొన్నే ఉన్నాయి. ఆ చట్టానికి తుదిరూపం ఇచ్చినవారిలో విట్లీ స్టోక్స్ ఒకడు. వైస్రాయి కౌన్సిల్లో న్యాయ సభ్యుడు, పాత ఐరిష్ భాషలో పెద్ద పండితుడు. పాత గ్రంథాల్లో ఒక్కో మాటనూ తూచి చదివిన చేతికి ఈ పని దొరకడం మన అదృష్టమనుకుంటాను. 60వ సెక్షన్ చెప్పేది ఇది. అసలు చెల్లించాల్సిన రోజు వచ్చాక ఎప్పుడైనా సరే, తగిన వేళకు తగిన చోట డబ్బు కడితే, రైతు తన పత్రాలు తనకు ఇమ్మని అడగొచ్చు. కబ్జా అవతలివాడికి ఇచ్చి ఉంటే కబ్జా అడగొచ్చు. కుదువ తీరిందని రాయించి రిజిస్టరు చేయించుకోవచ్చు. ఈ హక్కు పోయేది రెండే రెండు కారణాల వల్ల: ఇద్దరూ కలిసి ఆ తర్వాత చేసుకున్న పని వల్ల, లేదా కోర్టు డిక్రీ వల్ల. గడువు దాటిపోయిందన్నది ఆ రెండింటిలో లేదు. గడువుకు కట్టకపోతే భూమి నీదే అని దస్తావేజులో రాయించుకున్నా, ఆ మాట చెల్లదు. ఒకసారి కుదువ అయితే ఎప్పటికీ కుదువే అని కోర్టులు వందేళ్లకు పైగా చెబుతున్న సూత్రం ఇదే.

ఆ సూత్రాన్ని కోర్టులు గుడ్డిగా వాడలేదు కూడా. 1958లో సేఠ్ గంగాధర్ కేసులో 85 ఏళ్ల దాకా విడిపించుకోకూడదన్న షరతు సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. గడువు పొడుగైనంత మాత్రాన అది అన్యాయం కాదని, అవసరంలో ఉన్నవాడి మెడ వంచి రాయించుకున్నదా అన్నదే చూడాలని కోర్టు అంది. ఆ షరతును అలాగే ఉంచింది.

డబ్బు తెచ్చినా తీసుకోకుండా తప్పించుకు తిరిగే రుణదాత గురించి కూడా ఆ చట్టం ఆలోచించింది. ఇక్కడి ధరలు ఏటికేడు పెరుగుతుంటే అలాంటి ఆశ పుట్టడం సహజమే. 83వ సెక్షన్ కింద రైతు ఆ డబ్బును కోర్టులో జమ కట్టొచ్చు. అలా కట్టిన నాటి నుంచి మిత్తి ఆగిపోతుందని 84వ సెక్షన్ చెబుతుంది. తలుపు తీయకపోయినా, ఫోను ఎత్తకపోయినా రైతు పని ఆగదు.

ఇప్పుడు అమ్మకపు దస్తావేజు సంగతి. డబ్బు కడితే తిరిగి ఇచ్చేస్తానన్న షరతుతో అమ్మినట్టు రాసుకోవడం కూడా 58వ సెక్షన్‌లో ఒక రకం తనఖానే. కానీ 1929 సవరణ దానికి ఒక నిబంధన చేర్చింది: ఆ షరతు అమ్మకపు పత్రంలోనే ఉండాలి. వేరే కాగితం మీద రాసుకున్నా, నోటితో చెప్పుకున్నా అది తనఖా కాదు. పత్రంలోనే షరతు ఉన్నప్పుడు అది అమ్మకమా కుదువా అని ఇద్దరి ఉద్దేశాన్నీ చూసి తేల్చే పద్ధతిని 1954లో చున్‌చున్ ఝా కేసులో జస్టిస్ వివియన్ బోస్ చక్కగా వివరించారు. మొయినాబాద్, చేవెళ్ల చుట్టుపక్కల నమ్మకం మీద రాసిచ్చే అమ్మకపు పత్రాల్లో షరతు లోపల ఉండదు. బయట ఇంకో కాగితం మీద ఉంటుంది, లేదంటే మాటగా మిగిలిపోతుంది. అప్పు తీసుకున్నాయన 60వ సెక్షన్ ఇచ్చిన ఇంత గొప్ప రక్షణను తన సంతకంతోనే వదులుకుంటున్నాడు. అది ఉత్తుత్తి పత్రమని, అసలు అమ్మకమే కాదని రుజువు చేయడానికి 1982లో గంగాబాయి కేసు దారి ఉంచింది. కానీ ఆ దారిలో నడవడానికి ఏళ్లు పడుతుంది, ఆ ఏళ్లంతా భూమి ఇంకొకరి పేరున ఉంటుంది. నన్ను బాధపెట్టేది ఇదే.

ఇచ్చినాయన వైపు నుంచి చూసినా అది తెలివైన పని కాదు. ఆయన పుస్తకాల్లో అది కొనుగోలు. స్టాంపు డ్యూటీ కొనుగోలుకు కట్టినంత కట్టాలి. కబ్జా రైతు దగ్గరే ఉంటుంది. రైతు వెళ్లి దావా వేస్తే, వసూలు చేసుకున్న మిత్తి ఏ ఖాతాలో పడిందో చెప్పుకోవాలి. స్వాధీనం లేని తనఖాకు స్టాంపు ఖర్చు చాలా తక్కువ, మాట నేరుగా ఉంటుంది, ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్) తీస్తే కనబడుతుంది. రిజిస్టరైన పత్రం లోకానికంతటికీ తెలిసినట్టేనని చట్టం భావిస్తుంది కాబట్టి, తర్వాత ఆ భూమి కొన్నవాడు నాకు తెలియదనడానికి వీల్లేదు. రెండోసారి కుదువపెడితే మొదటివాడిదే ముందు వరస.

భూమి మన దగ్గర ఉన్నా, కాగితాలు మాత్రం ఇంకో ఊళ్లో చేతులు మారే పద్ధతి ఒకటుంది. హక్కుపత్రాలు జమ చేసి తీసుకునే తనఖాకు సంతకాల దస్తావేజు కూడా అక్కర్లేదు. అయితే అది కలకత్తా, మద్రాసు, బొంబాయి నగరాల్లోనూ, ప్రభుత్వం నోటిఫై చేసిన పట్టణాల్లోనూ మాత్రమే సాధ్యం. చూడాల్సింది పత్రాలు ఎక్కడ అప్పగించారన్నది, భూమి ఎక్కడ ఉందన్నది కాదు. కనకమామిడి పొలం కాగితాలను కనకమామిడి ఇంట్లో కూర్చుని అప్పగిస్తే అది తనఖా అవ్వదు. సాదా తనఖా రాసుకోవడమే అన్ని విధాలా మేలు.

వ్యవసాయ భూమి తనఖా రిజిస్ట్రేషన్ 2020 అక్టోబరులో ధరణి పోర్టల్ వచ్చిన నాటి నుంచి మండల తహసీల్దారు దగ్గర జరుగుతోంది. 2025 ఏప్రిల్‌లో దాని చోట భూభారతి వచ్చింది. కాబట్టి కనకమామిడి పొలానికి మొయినాబాద్ తహసీలుకు పోవాలి. అక్కడిదాకా పోయే ముందు చేయాల్సిన తనిఖీ ఈ ప్రాంతంలో మరీ ఎక్కువ. అసైన్డ్ భూమి అయితే ప్రైవేటు మనిషికి కుదువపెట్టడాన్నే 1977 చట్టం నిషేధించింది, ఇచ్చిన డబ్బుకు భూమి అండ ఉండదు. 1950 కౌలుదారీ చట్టం 38ఇ కింద రక్షిత కౌలుదారు సర్టిఫికెట్లు, ఇనాం భూములకు ఓఆర్‌సీలు (ఆక్యుపెన్సీ హక్కుల సర్టిఫికెట్లు), 22ఏ నిషేధిత జాబితా, అన్నీ చూడాలి. పాత పహాణీలు వరసగా తీయించి చదవాలి. ఆ పైన 111 జీవో. 1996 మార్చిలో గండిపేట, హిమాయత్‌సాగర్ చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామాల్లో కట్టడాలకు హద్దు పెట్టిన ఆ ఉత్తర్వు మొయినాబాద్ మండలంలో చాలా ఊళ్లను తాకింది. 2022 ఏప్రిల్‌లో 69 జీవోతో ప్రభుత్వం ఆ కట్టడిని సడలించే దారి పట్టింది. పొలం ఆ పరిధిలో ఉందో లేదో, ఈ రోజుకు అక్కడ ఏది కట్టొచ్చో చూడకుండా ధర అంచనా వేసి అప్పిస్తే, ఆ అంచనాకు ఆధారం లేదు.

అప్పు ఇచ్చేవాడికి లైసెన్సు కావాలా అని చాలామంది అడుగుతారు. నిజాం నాటి 1349 ఫసలీ వడ్డీ వ్యాపారుల చట్టం తెలంగాణలో ఇంకా ఉంది. అది వ్యాపారంగా అప్పులిచ్చేవాళ్లకు లైసెన్సు తప్పనిసరి చేసింది. తెలిసినవాళ్లకు ఎప్పుడో ఒకసారి ఇచ్చినవాడు ఆ చట్టం చెప్పే వడ్డీ వ్యాపారి కాడని కోర్టులు చెబుతూ వచ్చాయి. కానీ ఒకరి తర్వాత ఒకరికి ఇస్తూ అదే ఆదాయంగా పెట్టుకున్నవాడు లైసెన్సు లేకుండా దావా వేస్తే దావా నిలవదు.

ఇంట్లో కూర్చుని ఫోన్లో అప్పులిచ్చే పీ2పీ వేదికలు ఇంకో దారి. వాటిలో ఒక మనిషి మొత్తం మీద 50 లక్షల దాకా ఇవ్వొచ్చు, ఒక్కరికి 50 వేలు దాటకూడదు. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం అవి ఏ ఆస్తి తాకట్టూ లేని అప్పులే అయి ఉండాలి. కాబట్టి భూమి మీద అప్పు ఇవ్వాలనుకునేవాడి పని అక్కడ తీరదు. విదేశాల్లో ఉన్న మనవాళ్లు ఊళ్లో భూమి మీద అప్పు ఇస్తుంటారు. వాళ్లకు ఫెమా కింద వేరే నిబంధనలున్నాయి. పైగా ఎన్నారై వ్యవసాయ భూమి కొనడానికి వీల్లేదు కాబట్టి, రేపు వేలంలో ఆ పొలాన్ని తానే పాడుకోవచ్చన్న ఆలోచన మొదట్లోనే వదులుకోవాలి.

వేలం మాట వచ్చింది కాబట్టి, డబ్బు రాకపోతే ఏం జరుగుతుందో చెప్పాలి. బ్యాంకులు సర్ఫేసీ చట్టం కింద కోర్టుకు పోకుండానే ఆస్తి స్వాధీనం చేసుకుని అమ్మగలవు. ఆ అధికారం ప్రైవేటు మనిషికి లేదు. పైగా వ్యవసాయ భూమికి ఆ చట్టం బ్యాంకుల విషయంలోనూ వర్తించదు. మన ఉదాహరణలోని రుణదాతకు ఉన్నది కోర్టు దావా ఒక్కటే. సాదా తనఖా మీద ఆయన భూమిని నాకు ఇప్పించండి అని అడగలేడు, అమ్మించండి అనే అడగగలడు. సివిల్ ప్రొసీజర్ కోడ్ 34వ ఆర్డరు ప్రకారం ముందు ప్రాథమిక డిక్రీ వస్తుంది, రైతుకు కట్టడానికి సాధారణంగా ఆరు నెలలు దొరుకుతుంది. అప్పటికీ కట్టకపోతే తుది డిక్రీ, ఆపైన వేలం. వేలంలో అప్పుకు మించి వస్తే మిగిలింది రైతుకు. తక్కువ వస్తే ఆ తేడాకు రైతు మీద సొంత డిక్రీ. తనఖా వదిలి ఉత్త డబ్బు దావా వేసి, అదే భూమిని అమలులో అమ్మించుకుందామన్న అడ్డదారిని కూడా ఆ ఆర్డరు మూసేసింది. ఇదంతా నెమ్మది పనే. ఆ నెమ్మదిని మిత్తి రేటులో ముందే లెక్కలోకి తీసుకోవాలి. ఇరవై లక్షలకు కోటి విలువ చేసే భూమిని కుదువ పెట్టించుకున్నా, చేతికి వచ్చేది ఇరవై లక్షలు, మిత్తి, ఖర్చులే.

కొందరు స్వాధీన తనఖా రాసుకుంటారు. భూమి సాగు రుణదాతే చేసుకుంటాడు, పంటే మిత్తి. కూరగాయలు నాలుగు రాళ్లు తెచ్చే చోట ఇది ఆకర్షణగానే ఉంటుంది. కానీ భూమి చేతికి వచ్చినంతనే బాధ్యతలూ వస్తాయి. ఆస్తి బదిలీ చట్టం 76వ సెక్షన్ ప్రకారం తన సొంత భూమిని చూసుకున్నట్టే చూసుకోవాలి, సర్కారుకు కట్టాల్సినవి కట్టాలి. మట్టి అమ్ముకోవడం, చెట్లు కొట్టడం కుదరదు. 2014లో సింగ్ రామ్ కేసులో సుప్రీంకోర్టు ఈ రకం తనఖాలో కాలం గడిచినంత మాత్రాన రుణదాత యజమాని అయిపోడని చెప్పింది. ముప్పై ఏళ్లు దున్నుకున్నాను కాబట్టి నాదే అన్న మాట అక్కడితో ఆగిపోయింది.

దస్తావేజు రాసిన రోజే విడుదల గురించి కూడా రాసిపెట్టిన లేఖరి పని నాకు అందరికన్నా గొప్పగా తోస్తుంది. విడత కట్టినప్పుడల్లా దస్తావేజు వెనక చెల్లు వేయాలని, బ్యాంకు బదిలీ నంబరు అందులో రాయాలని ఒక పేరా. ముందుగానే మొత్తం కట్టేస్తే ఆ రోజు వరకే మిత్తి అని ఇంకో పేరా. పూర్తి బాకీ అందిన ఫలానా రోజుల్లోగా రుణదాత మొయినాబాద్ తహసీలుకు వచ్చి తనఖా విడుదల పత్రం రాసివ్వాలి, దాని ఖర్చు రైతు పెట్టుకోవాలి, పాసుపుస్తకం, అసలు పత్రాలు అదే రోజు అప్పగించాలి, రుణదాత లేకపోతే ఆయన వారసులకూ ఇదే కట్టుబాటు అని మరో పేరా. చాలామంది డబ్బు కట్టేసి, నోటు చింపేసి, విడుదల రిజిస్టరు చేయించకుండా వదిలేస్తారు. పదేళ్ల తర్వాత భూమి అమ్మబోతే ఈసీలో పాత తనఖా కనబడుతుంది. అప్పటికి రుణదాత పోయి ఉంటాడు, ఆయన పిల్లలు ఏ దేశంలోనో ఉంటారు, కొనేవాడు వెనక్కి తగ్గుతాడు. ఆ మూడు పేరాలు రాసి ఉన్న పత్రమైతే, డబ్బు ముట్టిన వారంలోనే ఇద్దరూ మళ్లీ తహసీలు మెట్లెక్కి విడుదల రిజిస్టరు చేయించుకుంటారు. ఆపైన తీసిన ఈసీలో తనఖా, దాని కిందే దాని విడుదల, రెండు ఎంట్రీలూ పక్కపక్కన కనిపిస్తాయి.